వచ్చినవాళ్లని బట్టి

పొద్దున పదిన్నరకి ఫిడెల్మా కెటిల్ పొయ్యి మీద పెట్టి, వంటింటి వెనక గోడ వైపు చూస్తుంది. గోడ గజం వెనక్కి జరిగితే ఒక కప్పు తీస్తుంది. రెండు గజాలు జరిగితే రెండు.

ఆ ఇంటి పద్ధతే అంత. ఎవరైనా గేటు దాటి వెనక తలుపు వైపు నడిస్తే చాలు, వాళ్లకి చోటివ్వడానికి వంటిల్లు సాగుతుంది. వాళ్లు వెళ్లాక ముడుచుకుంటుంది. లీట్రిమ్ జిల్లాలో ఆ చుట్టుపక్కల పల్లెల్లో దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. ఒకరింట్లో పొగగొట్టం పొగని లోపలికి తంతుంది, ఇంకొకరింట్లో వంటిల్లు సాగుతుంది.

చిక్కల్లా నేలతోనూ పైకప్పుతోనూ. సాగినప్పుడల్లా టైల్స్ పగిలేవి, అద్దాలు బీటలు వారేవి, వాన లోపల కురిసేది. మేస్త్రీలు వచ్చి, తల గోక్కుని, టీకి కూర్చునేవారు. వాళ్లు కూర్చున్నందుకు మరో నాలుగు టైల్స్ పోయేవి.

చివరికి దాని పని పట్టింది కూతురు ఎత్నా. డబ్లిన్‌లో ఒక ఆర్కిటెక్టు దగ్గర చేసేది. రాతి పలకల్ని ఇసుకలో వదులుగా పరిపించింది. పైకప్పు పలకల్ని చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి జారేలా వేయించింది. అద్దాల గోడకి విసనకర్రలా మడతలు పెట్టించింది. ఇప్పుడు ఇరవైమంది వచ్చినా కప్పులో టీ తొణకదు.

ప్లానులో వంటింటి పొడవు దగ్గర మాత్రం అంకె వేయలేదు. ‘వచ్చినవాళ్లని బట్టి’ అని రాసింది. ఆ ప్లాను చూసి డబ్లిన్ ఆఫీసువాళ్లు పిల్లని ఇంటికి పొమ్మన్నారు.

ఆరు నెలలైంది. ఈ సోమవారం నుంచి పక్క పట్నం క్యారిక్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసు ఉద్యోగం. ఈలోపల మిగిలింది ఒక్కటే ఆశ, టీవీ వాళ్ల ఇళ్ల పోటీ. దేశంలో బాగా కట్టిన ఇళ్లని ఇద్దరు జడ్జీలు చూసి, చెరో పదికి మార్కులు వేస్తారు. కలిపి పదహారు వస్తే ఫైనల్.

“ఫైనల్‌కి వెళ్తే ఆర్కిటెక్టుగా నా బోర్డు నేనే కట్టుకుంటానమ్మా,” అంది ఎత్నా.

“వెళ్లకపోతే?”

“నా పెన్సిళ్లు నువ్వు తీసుకో. సరుకుల చిట్టీ రాసుకుందువుగాని.”

నవ్వుతూనే అంది. ఫిడెల్మా నవ్వలేకపోయింది.

జడ్జీలు గురువారం వస్తామన్నారు. బుధవారం నుంచే ఫిడెల్మా కాలు నిలవలేదు. క్యాలెండరు తీసేసింది. తడిగుడ్డలు దాచేసింది. ఇరుగుపొరుగుకి వార్త పంపింది. రావద్దని.

పక్క పొలం రైతు మాలకీ వెనక తలుపు దగ్గరే నిలబడి అడిగాడు. డెబ్బై ఏళ్ల బ్రహ్మచారి. పాతికేళ్లుగా రోజూ అక్కడే టీ.

“నేనేం పాపం చేశాను?”

“నువ్వు కాదు. నీ బూట్లు చేశాయి.”

“టీవీలో నా మొహం పడితే దేశానికి నష్టమా?”

“పాలిచ్చే ఆవులు బెదురుతాయి,” అంది వెనకే వచ్చిన బ్రీజీ. ఆవిడ పోస్టాఫీసు నుంచి రిటైరైనా ఊళ్లో వార్తలు పంచడం మానలేదు.

“నువ్వూ రావద్దు బ్రీజీ.”

“నేనా! నా జుట్టు సెట్ చేయించుకున్నాక చెబుతావా ఈ మాట?”

గురువారం కారు ఆగగానే ఫిడెల్మా ముందు తలుపు తీసింది. తొమ్మిదేళ్లయింది ఆ తలుపు తీసి. పాదిరీ వస్తే తీస్తారు, శవపేటిక వెళ్తే తీస్తారు. ఆఖరిసారి దాన్ని దాటింది ఆమె భర్త. గడియ బిగుసుకుపోయి, భుజంతో నెట్టాల్సి వచ్చింది.

జడ్జీలు ఇద్దరు. ఎర్ర స్కార్ఫు చుట్టుకున్నాయన టర్లో, నల్లకోటావిడ ఇమెల్డా. వెనక కెమెరావాళ్లు నలుగురు. ఫిడెల్మా వాళ్లని ముందు గదిలో కూర్చోబెట్టి పింగాణీ కప్పుల్లో టీ ఇచ్చింది. క్రిస్మస్‌కి తప్ప నిప్పెరగని గది. అందరూ కోట్లు విప్పకుండానే తాగారు.

ఎత్నా తల్లి మోచెయ్యి పట్టుకుంది. “అమ్మా, వీళ్లు ముందు తలుపున వచ్చారా?”

“మరి? టీవీ వాళ్లని కోళ్ల మధ్యనుంచి నడిపించమంటావా?”

ఎత్నా మొహంలో రంగు పోయింది. అప్పటికిగాని ఫిడెల్మాకి తను చేసిందేమిటో తెలియలేదు.

వంటిల్లు ఇద్దరికి సరిపడా ఉంది. తల్లికీ, కూతురికీ. ఎనిమిదిమంది అందులోకి దూరారు. కెమెరా అతని వీపు పొయ్యికి ఆనింది. ఇమెల్డా మోచెయ్యి అలమారకి కొట్టుకుంది.

“ముద్దుగా ఉంది. బొమ్మరిల్లు,” అన్నాడు టర్లో. ఆరు వేశాడు.

ఇమెల్డా ప్లాను తిప్పి చూసింది. “పొడవు?”

“వచ్చినవాళ్లని బట్టి,” అంది ఎత్నా.

“మేం ఆరుగురం వచ్చాంగా?”

“మీరు రాలేదండీ. ముందు తలుపున ప్రవేశించారు.”

ఇమెల్డా కలం ఆగింది.

అప్పుడు గోడ గజం జరిగింది. వెనక తలుపులోంచి మాలకీ తల దూర్చాడు. బూట్లు చేతిలో ఉన్నాయి, మేజోళ్లకి కన్నాలున్నాయి.

“నిచ్చెన కోసం వచ్చాను.”

“ఏ నిచ్చెన?” అంది ఫిడెల్మా.

“ఏదుంటే అది.”

మళ్లీ గజం. కేకు పళ్లెంతో, చెక్కుచెదరని జుట్టుతో బ్రీజీ. “పక్కింటి మర్యాద. కెమెరా ఏ వైపుంది?” ఆవిడ వెనక చర్చి పాటగాళ్లు మొత్తం. దారిలో కలిశారట. పెళ్లికొచ్చినట్టు బట్టలు కట్టుకుని మరీ కలిశారు.

నేల రాళ్లు సర్దుకున్నాయి. పేకముక్కలు కలిపిన చప్పుడుతో పైకప్పు జారింది. అద్దాల మడతలు ఒక్కొక్కటే విచ్చుకుని తోటంతా లోపలికొచ్చింది. ఒక్క అద్దం చిట్లలేదు. బల్ల మీద పాలగిన్నెలో మీగడ కదల్లేదు.

ఇమెల్డా కదులుతున్న గోడ మీద అరచెయ్యి ఆనించి, అది ఆగేదాకా దానితో నడిచింది. తిరిగొచ్చి తొమ్మిది వేసింది.

టర్లో తన కాగితం వెతుక్కున్నాడు. దిద్దడానికి వీల్లేదు, కలంతో రాసింది రాసినట్టే. ఆరూ తొమ్మిదీ పదిహేను.

వెళ్లేటప్పుడు ఇమెల్డా వెనక తలుపు వైపు అడుగేసింది. బ్రీజీ అడ్డొచ్చింది. “వచ్చిన తలుపునే పోవాలి తల్లీ. లేకపోతే ఇంటి అదృష్టం నీ వెంట వచ్చేస్తుంది.” ఆమె బుద్ధిగా ముందు తలుపునే వెళ్లింది.

అందరూ పోయాక వంటిల్లు ఇద్దరికి ముడుచుకుంది.

“ఆ ఒక్క మార్కూ నేనే పోగొట్టాను,” అంది ఫిడెల్మా.

“ముందు గది చలికి ఇంకోటి పోయుంటుందిలే,” అంది ఎత్నా. కప్పులు కడిగింది. పెన్సిళ్లు కట్ట కట్టి తల్లి సొరుగులో పెట్టింది.

సోమవారం పొద్దున ఎనిమిదింపావు. ఎత్నా ఇస్త్రీ చొక్కా తొడుక్కుంది, సంచీ భుజాన వేసుకుంది. బస్సు ఎనిమిదిన్నరకి.

“వస్తానమ్మా.”

వెనక తలుపు వైపు నడిచింది. గోడ గజం జరిగింది. ఇంకా నడిచింది. ఇంకో గజం.

“మాలకీ ఇంత పొద్దున్నే వస్తున్నాడా?”

ఫిడెల్మా కెటిల్ పొయ్యి మీద పెట్టింది. రెండు కప్పులు తీసింది. గోడ ఆగలేదు. మనిషికి గజం లెక్క ఇంటికి ఆ రోజు గుర్తున్నట్టు లేదు. ఎత్నా అడుగులు పెంచింది, ఆఖరికి పరిగెత్తింది. తలుపు ఎంతకీ పది గజాల దూరంలోనే ఉంది. అద్దాల్లోంచి రోడ్డు మీద ఎర్ర బస్సు కనబడింది. ఆగింది. కదిలింది. వెళ్లిపోయింది.

అప్పుడు ఆగింది గోడ.

గడియ లేచింది. నల్లకోటు ఇమెల్డా బూట్లు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని చేతికర్రతో ఒక ముసలావిడ.

“కోళ్ల మధ్యనుంచే వచ్చాం,” అంది ఇమెల్డా. “మా అమ్మ. ఆవిడ ఇంట్లో మేడమెట్లు పెరుగుతున్నాయి. పడగ్గది పైనుంది. ముగ్గురు ఆర్కిటెక్టులు చూసి కుదరదన్నారు.”

“ముగ్గురూ కొలతలే అడిగారు,” అంది ముసలావిడ. ఫిడెల్మా వైపు తిరిగింది. “నీ టీ ఏదమ్మా?”

ఫిడెల్మా టీ పోసింది. చుక్క కూడా తొణకలేదు. సొరుగు లాగి పెన్సిళ్ల కట్ట బల్ల మీద పెట్టింది.

ఎత్నా సంచీ దించి, ఒక పెన్సిల్ తీసుకుంది.

“ఎన్ని మెట్లు మామ్మగారూ?”

“రోజుని బట్టి.”

ఎత్నా అలాగే రాసుకుంది.