ఒక్క టిన్ను కేకు

పొంగింది, అమ్మయ్య, ఈసారి పొంగింది, ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ ఆమె చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయింది, వేళ్ల నిండా ఖర్జూరం ముద్ద, ముంగురులకూ అంటుకున్నట్టుంది, అంటుకోనీ, పోయిన ఆదివారం స్టీవియా పొడి వేస్తే అట్టముక్కలా అణిగిపోలేదూ, గిన్నెడు పంచదార తీసేసి చెంచాడు పొడి వేస్తే కేకుకి ఒళ్లెక్కడినుంచి వస్తుంది, పైగా మింగాక నాలుక మీద చేదు, అంతకుముందు తేనె పోస్తే లోపల పచ్చిపిండి, పైన బొగ్గు, తేనెకి వేడి తగ్గించాలని ఎవరైనా ముందే చెప్పి చావొచ్చుగా, ఖర్జూరాలు మాత్రం వేణ్నీళ్లలో నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలు కాస్త తగ్గించి, ఆహా, ఏం వాసన, ఈ వాసనకైనా మావయ్య గదిలోంచి బయటికి రారా.

రారేమో, డాక్టరు పంచదార మానేయమని, తీపి ఏదైనా చిన్న ముక్కేనని చెప్పినప్పటి నుంచి ఆదివారం టీకి బల్ల దగ్గరికి రావడమే మానేశారు, అంతకుముందు ఆ వేళంతా ఆయనదే రాజ్యం, గడియారాలు బాగుచేసిన చెయ్యి, కొలిచినట్టు ముక్కలు కోసి, ఎవరిది పెద్దదో తేల్చుకోండని కొడుకునీ మనవరాలినీ ఉడికించేవారు, ఇప్పుడు ఆ కుర్చీలో ఉతికిన బట్టలు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, అందుకే కదా వారం వారం రెండు టిన్నులు పెట్టింది, పెద్ద టిన్నులో పంచదార కేకు ఇంటిల్లిపాదికీ, చిన్న టిన్నులో ఆయనకు విడిగా, నీలం పళ్లెంలో పెట్టి గదికి తీసుకెళ్తే, వచ్చిందమ్మా ఆస్పత్రి ట్రే అని నవ్వి, ఓ మూల గిల్లి పక్కన పెట్టేవారు, తీపి చాల్లేదు కాబోలని ఆమె మళ్లీ ఇంకోటి వెతికేది.

ఈవేళ పంచదార డబ్బా అడుగంటింది, తెస్తానని వెళ్లిన మొగుడు వీధి చివర ఎవరితోనో కబుర్లలో పడ్డట్టున్నాడు, ఆ మనిషిని నమ్ముకుంటే తెల్లారినట్టే, విసుగొచ్చి ఖర్జూరం పిండంతా పెద్ద టిన్నులోకే పోసేసింది, అదిగో గంట మోగింది, పుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది, ఎగిరి గంతేయాలనిపించింది, గంతేసింది కూడా, నీలం పళ్లెం కోసం చెయ్యి చాపేసరికి వెనకాల చెప్పుల చప్పుడు, ఏమ్మా, ఇల్లంతా ఏంటీ వాసన, నా చిన్న టిన్ను కనబడదే, విడిగా లేదు మావయ్యా, పంచదార అయిపోయింది, అందరికీ ఇదే, అందరికీనా, మా వాడికీ, చిన్నదానికీ, ఆఁ మావయ్యా, నాక్కూడా, ఆయన కుర్చీలో బట్టలు తీసి ఆమె చేతిలో పెట్టి, కత్తి ఇలా తే, నువ్వు కోస్తే వంకరటింకర అన్నారు.

నాలుగూ ఒకే కొలత, చిన్న ముక్కలే, డాక్టరు చెప్పినంతే, కొడుకుది మూతేసి పక్కన పెట్టారు, తాతా నీదే పెద్దది అని చిన్నది పేచీ, కళ్లద్దాలు తెచ్చుకోవే అని ఆయన, ఆమె నోట్లో పెట్టుకుంటే, అయ్యో, తీపి తక్కువే, నిజానికి ఆ తేనె కేకే ఇంతకంటే తీపి, దాన్ని మూల గిల్లి వదిలేశారే, మరిప్పుడు బల్ల మీద రాలిన పొడి కూడా వేలితో అద్దుకుని నాకుతున్నారేమిటి, ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి ఆమెకు, సరిగ్గా అప్పుడే గుమ్మంలో మొగుడు, తెచ్చానోయ్ పంచదార, ఇక నీ పెద్ద కేకు పెట్టుకో అంటూ, పెట్టదు, ఇంక ఈ ఇంట్లో రెండు టిన్నులు పెట్టనే పెట్టదు, ఇన్ని వారాలూ ఏం వేసినా తీపి చాల్లేదనుకుంది పిచ్చిమొహం, ఆయనకు సహించనిది ఆ నీలం పళ్లెం.