గద్దక్క కంటి చెమ్మ

ఆమెకు గద్దక్క అని పేరు పెట్టింది తాపీ మేస్త్రీలు. ఇరవై రెండేళ్ళుగా టవర్ క్రేన్ నడుపుతున్న మనిషి. అరవై మీటర్ల ఎత్తున అద్దాల క్యాబిన్‌లో కూర్చునే, కింద ఎవరు హెల్మెట్ తీసి చంకన పెట్టుకున్నారో, ఎవరు ఇనుప కట్టకు ఒక్క గొలుసే తగిలించి చేతులు దులుపుకున్నారో కనిపెట్టి, వాకీటాకీలో కడిగేసేది. నేల మీద నిలబడి ఆమెకు సిగ్నల్ ఇచ్చేవాడు స్వయానా మరిది. మా వదిన చూపు ముందు దుర్భిణీ కూడా దిగదుడుపేనని నలుగురిలో గొప్పలు పోయేవాడు.

ఆ కళ్ళే ఆమె మీద తిరగబడ్డాయి. మొదట్లో మధ్యాహ్నం భోజనమయ్యాక రెప్పల కింద ఇసుక పోసినట్టు గరగరలాడేవి. తర్వాత మంట మొదలైంది, ఆ తర్వాత నీళ్ళు. ఉన్నట్టుండి కళ్ళ నిండా నీళ్ళూరి, కింద మనుషులు తడిసిన సిరా గీతల్లా అలుక్కుపోయేవారు. నాలుగైదుసార్లు రెప్పలార్పితే మళ్ళీ మనుషులయ్యేవారు. ఆరేళ్ళుగా ఆమెకు షుగర్ ఉంది. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేది గానీ, టీలో పంచదార మాత్రం ఏనాడూ మరిచిపోలేదు. షుగర్ కళ్ళను తినేస్తుందని ఎవరో అనగా విన్నప్పటి నుంచి గుండెల్లో రాయి పడింది. డాక్టర్ దగ్గరికి వెళితే ఆ మాటే ఖాయం చేస్తారని భయం. మందుల షాపులో ఎరుపు తగ్గే చుక్కలు కొని సీటు పక్కన దాచుకుంది. వేసుకున్న గంట హాయిగా ఉండేది, ఆ తర్వాత మంట రెట్టింపయ్యేది.

సాయంత్రం కిందికి దిగేటప్పటికి కళ్ళు ఎర్రగా, చెంపలు తడిగా ఉండేసరికి సైట్లో కథలు పుట్టాయి. సిమెంటు కలిపే ఆవిడైతే గద్దక్కను మొగుడు కొడుతున్నాడని తేల్చేసింది. మరిది నాలుగు రోజులు తటపటాయించి, చివరికి అడిగేశాడు.

“వదినా, అన్నయ్య ఏమన్నా అన్నాడా?”

“మీ అన్నయ్యా? పాలప్యాకెట్ కత్తిరించాలన్నా నన్నడిగే మనిషి. ఆయన నన్నేమంటాడు?”

“మరి ఆ ఏడుపేంటి?”

“దుమ్ము” అని మాట తప్పించింది.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, ఏడో అంతస్తు మీదికి ఇటుకల తొట్టి దించుతుండగా రెండు కళ్ళూ ఒక్కసారే మసకబారాయి. “ఆపు వదినా, ఎడమకి పోతోంది” అని మరిది గొంతు వినబడింది. ఆమె లివర్ వదిలేలోపే తొట్టి అంచు పిట్టగోడకు తగిలి రెండు వరుసల ఇటుకలు లోపలికి కూలాయి. ఆ క్షణాన అక్కడ ఎవరూ లేరు. అంతకు పది నిమిషాల ముందు ఇద్దరు పనివాళ్ళు ఆ గోడ నీడనే కూర్చుని భోంచేసి వెళ్ళారు.

తప్పు గాలి మీదికి నెట్టేయొచ్చు. మరిది అప్పటికే సైటు ఇంజనీరుతో ఆ మాటే అంటున్నాడు. ఆమె నిచ్చెన దిగి తిన్నగా వాళ్ళ మధ్యకు వెళ్ళింది.

“గాలి కాదు సార్. నా కళ్ళు. రెండు నెలలుగా దాస్తున్నాను.”

ఇంజనీరు కూలిన గోడ వైపు చూశాడు. “డాక్టర్ కాగితం తెచ్చేదాకా పైకి ఎక్కొద్దమ్మా” అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటేనే నయమనిపించిందామెకు. మర్నాటి నుంచి వేరే సైటు నుంచి వచ్చిన ఒక పొడుగాయన ఆమె సీట్లో కూర్చున్నాడు.

కంటి డాక్టరుకు ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ముందుగా రెండు కళ్ళ కింది రెప్పల్లోనూ సన్నటి కాగితం పట్టీలు వేలాడదీసి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోమంది. తోడొచ్చిన భర్తకు నవ్వొచ్చినా ఆపుకున్నాడు. పట్టీలు తీసి చూస్తే చెమ్మ మొదట్లోనే ఆగిపోయింది. తర్వాత పసుపురంగు మందు వేసి నీలం దీపంతో చూసింది. ఆ తర్వాత కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, అరగంట ఆగి, లోపలంతా వెతికింది.

“వెనక రెటీనా బాగుంది. షుగర్ అక్కడిదాకా పోలేదు” అంది డాక్టరు. “కానీ మీ కళ్ళు ఎండిపోయాయమ్మా.”

“పొద్దస్తమానం కారే కళ్ళు ఎండిపోవడమేంటండీ?”

“కంటి మీద ఎప్పుడూ ఒక సన్నటి తడి పొర ఉండాలి. మీకది నిలవడం లేదు. పొర చిరిగి కన్ను మండినప్పుడు, వట్టి నీళ్ళు ఒక్కసారిగా వచ్చి చెంపల మీదికి జారిపోతున్నాయి. షుగర్ ఎక్కువగా ఉంటే కంటి పైపొరలోని నరాలు మొద్దుబారతాయి. తడి కావాలని కబురు పంపాల్సినవి అవే. అది సరే, మీ క్యాబిన్‌లో ఏసీ గాలి ఎటు తగులుతుంది?”

“మొహం మీదికే.”

“పనిలో ఉన్నప్పుడు రెప్ప వేస్తారా?”

గద్దక్క ఆలోచించింది. “లోడు దిగేదాకా వెయ్యనండీ” అని నిజం ఒప్పుకుంది.

“అదీ సంగతి. పైపొర మీద గీతలు కనిపిస్తున్నాయి. ఇంకొన్నాళ్ళు పోతే పుండు పడేది, నరాలు మొద్దుబారాయి కాబట్టి నొప్పి కూడా మీకు సరిగా తెలిసేది కాదు. ఇప్పుడైతే బాగు చేసుకోవచ్చు. ఆ షాపు చుక్కలు మాత్రం ఇవాళే పారేయండి.”

బాగు చేసుకోవచ్చు అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. మిగతాదంతా భర్త చేత రాయించుకుంది. పాడవకుండా కలిపే మందు లేని, కన్నీటిలాంటి చుక్కలు రోజుకు ఆరుసార్లు, పడుకునేముందు జెల్లు, ఉదయమూ సాయంత్రమూ రెప్పల మీద పది నిమిషాలు వెచ్చటి బట్ట. అన్నిటికంటే ముందు షుగర్ దారికి రావాలి.

మూడు నెలలు ఆమె ఇంట్లో కూర్చుని కళ్ళతో కుస్తీ పట్టింది. వెచ్చటి బట్ట పని భర్త తలకెత్తుకున్నాడు. మొదటి రోజు మరీ వేడిగా వేసి చీవాట్లు తిన్నాడు. ఆ తర్వాత ముందు తన చెంపకు ఆనించుకుని గానీ ఆమె రెప్పల మీద పెట్టలేదు. రెప్పలు పూర్తిగా మూసి తెరిచే అభ్యాసం ఆమె అన్నం దగ్గర కూడా చేస్తుంటే, “ఈ వయసులో నాకు కన్ను కొడతావేంటే?” అన్నాడు. “రెండూ కలిపి కొడుతున్నా, కనబళ్ళేదా?” అంది. పంచదార లేని టీ మొదటి వారం విషంలా ఉంది, రెండో వారం వేడినీళ్ళలా ఉంది, మూడో వారం టీలాగే ఉంది. రోజూ సాయంత్రం గంటసేపు నడిచింది. నెల తిరిగినా మంట తగ్గకపోయేసరికి ఒకరోజు చుక్కల ట్యూబు గోడకేసి కొట్టింది కూడా. కాసేపాగి వెళ్ళి కొత్తది తెరుచుకుంది. రెండో నెల సగంలో ఒక ఉదయం లేచేసరికి రెప్పల కింద ఇసుక లేదు. నమ్మబుద్ధి కాక మధ్యాహ్నందాకా ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలల సగటు షుగర్ తొమ్మిది పాయింట్ ఎనిమిది నుంచి ఏడు పాయింట్ రెండుకు దిగింది. పసుపు మందు వేసి చూస్తే గీతలు మానిపోయాయి. డాక్టరు పనికి వెళ్ళొచ్చని రాసి సంతకం పెట్టింది.

ఆ కాగితం పట్టుకుని ఆమె సైటుకు వెళ్ళిన పొద్దున, అక్కడ మీటింగు జరుగుతోంది. భవనం మొత్తానికి చల్లగాలినిచ్చే ఎనిమిది టన్నుల యంత్రం వచ్చింది. దాన్ని పై అంతస్తు కప్పులోని సందులోంచి దించి, కింద నిలబెట్టిన నాలుగు బోల్టుల మీద కూర్చోబెట్టాలి. చుట్టూ నాలుగువేళ్ళ సందు కూడా లేదు.

పొడుగాయన తల అడ్డంగా ఊపాడు. “నేను చేయగలనని అబద్ధం ఆడను సార్. ఆవిడ వచ్చిందిగా, ఆవిణ్ణి ఎక్కనివ్వండి.”

ఇంజనీరు కాగితం రెండుసార్లు చదివాడు. “ఏమ్మా, మసక వస్తేనో?”

“వస్తే ఆపేసి, వచ్చిందని చెప్తాను. పోయినసారీ నేనే చెప్పాను కదా సార్.”

ఆయన చేత్తో నిచ్చెన చూపించాడు.

ముందు ఖాళీ కొక్కెం, తర్వాత ఇనుప కట్ట, ఆ తర్వాత కాంక్రీటు దిమ్మ ఎత్తి దించి చూపించింది. ఏసీ జాలీని కాళ్ళ వైపుకు తిప్పింది. చుక్కలు వేసుకుంది. గాలి నెమ్మదించాక యంత్రం నేల విడిచింది. ప్రతి పది మీటర్లకూ ఆపి, నింపాదిగా రెప్పలు మూసి తెరిచింది. లోడు ఎక్కడికీ పారిపోలేదు. ఇన్నేళ్ళూ రెప్ప వేస్తే కొంప మునుగుతుందనుకున్నానే అనుకుంది.

“కప్పు మీదికి వచ్చింది వదినా. కుడికి ఒక జానెడు.”

“జానెడు కాదు, బెత్తెడు. చూస్తున్నా.”

“అవును, బెత్తెడే” అన్నాడు మరిది. అతని గొంతులో నవ్వు తెలిసింది.

యంత్రం సందులోకి దిగింది. గోడకు రాసుకోలేదు. చివరి మీటరు దించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆమె మెడ వెనక చెమట కారింది గానీ, కళ్ళ ముందు ప్రతి అంచూ కత్తితో గీసినట్టు నిలబడి ఉంది. నాలుగు బోల్టులూ యంత్రం పాదాల నాలుగు కన్నాల్లోంచి ఒకేసారి పైకి తలెత్తాయి.

“కూర్చుంది వదినా” అన్నాడు మరిది.

కింద ముందు ఎవరో ఈల వేశారు. తర్వాత అంతస్తులన్నిటిలోంచీ ఈలలు, ఇనుప చువ్వల మీద సుత్తుల మోత మొదలైంది. సిమెంటు కలిపే ఆవిడ పార పైకెత్తి ఊపడం గద్దక్కకు అంత ఎత్తు నుంచీ స్పష్టంగా కనబడింది. ఆమె సీట్లో వెనక్కి వాలి, గుండెల నిండా ఊపిరి పీల్చి, పెద్దగా నవ్వింది.

“ఇవాళ్టికి చాలమ్మా, దిగి రెస్టు తీసుకో” అని ఇంజనీరు వాకీటాకీలో అన్నాడు.

“ఆ ఇనుప కట్టలు పొద్దుట్నుంచీ ఎండలో పడున్నాయి సార్. అవి కూడా ఎత్తేసి దిగుతా” అంటూ ఆమె కొక్కెం వాటి మీదికి తిప్పింది.