ఎంటర్ కొట్టని చివరి లైను

అక్క ఫోన్ చేసేసరికి నేనింకా ఆఫీసులో కుర్చీ కూడా లాక్కోలేదు.

"ఏమే, మీ వ్యాను ఇవాళా నాకోసం ఆగలేదు. డ్రైవరు ఫోన్‌లో నా పేరే లేదంట. ఈసారి ఆలస్యమైతే ఇంక రావద్దని సూపర్‌వైజరమ్మ నిన్ననే తేల్చి చెప్పింది. నడిచిపోతున్నా, ఏమవుతుందో."

'మీ వ్యాను' అనడంలోనే ఎత్తిపొడుపంతా ఉంది. అక్క ఈమధ్యే చేరిన బట్టల ఫ్యాక్టరీకి వ్యాను ప్రోగ్రామ్ రాసింది నేను. ఏళ్ల తరబడి కుట్టుపనితోనే నన్ను డిగ్రీ దాకా చదివించింది అక్క.

ఫ్యాక్టరీ గుమాస్తా రోజూ వ్యాను ఎక్కేవాళ్ల పేర్లతో ఒక టెక్స్ట్ ఫైలు పంపుతాడు. లైనుకో మనిషి. నా ప్రోగ్రామ్ ఒక్కో లైనూ చదివి డ్రైవరు ఫోన్‌లోకి ఎక్కిస్తుంది. ఫైలు తెరిచాను. అక్క ఉంది, అన్నిటికన్నా కింద. ప్రోగ్రామ్ నడిపాను. డ్రైవరు వైపు లేదు. మళ్లీ నడిపాను. లేదు. మళ్లీ నొక్కాను.

పక్క సీటు సీనియర్ నావైపు వంగారు. ఎవరి కోడ్‌లోనైనా కామాలు వెతుకుతారని ఆయన్ని అందరూ కామాగారంటారు.

"అన్నిసార్లు నొక్కితే జాలిపడి పనిచేస్తుందా అమ్మాయ్? లైన్లు ఎలా చదువుతున్నావ్?"

"అక్షరం అక్షరం పోగేస్తున్నా సార్. ఎంటర్ తగలగానే లైను అయిపోయిందని పంపేస్తున్నా."

"చివరి లైను తర్వాత ఎంటర్ లేకపోతేనో?"

కర్సర్‌ని అక్క పేరు చివర పెట్టి కింది బాణం నొక్కాను. కదల్లేదు. గుమాస్తా ఆ పేరు కొట్టి, ఎంటర్ నొక్కకుండానే సేవ్ చేసేశాడు. నా ప్రోగ్రామ్ అక్క పేరు మొత్తం చదివి, ఫైలు అయిపోయిందని చేతిలో ఉన్నదాన్ని పారేసింది.

"లైన్లు చదవడానికి తయారుగా ఫంక్షన్ ఉంది కదా. అది చివరిదాన్ని కూడా వదలదు. నీకెందుకీ సొంత పెత్తనం?"

మార్చాను. అక్క పేరు వచ్చింది. కానీ అక్క రోడ్డు మీద ఉంది.

సూపర్‌వైజర్ నంబరు వెతుకుతుంటే కామాగారు గొంతు తగ్గించారు. "ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నావు, తప్పు నాదే అంటే ఉద్యోగానికే ముప్పు. టీమ్ లీడర్‌ని రానీ, ఆయన మాట్లాడతాడు."

"అప్పటికి గేటు వేసేస్తారు సార్."

అవతల మిషన్ల హోరులో ఆవిడ ఎత్తారు.

"మేడమ్, వ్యాను ప్రోగ్రామ్ రాసింది నేనే. ఇవాళ నడిచొస్తూ ఆలస్యమవుతున్నది మా అక్కే, తన తప్పు లేదు. ఫైల్లో చివరన ఉన్నవాళ్లని నా ప్రోగ్రామ్ వదిలేస్తోంది."

"సరే, రానీ. గేటు దగ్గర చెప్తాను." నేను ఊపిరి పీల్చుకునేలోపే ఆవిడే మళ్లీ అన్నారు, నెమ్మదిగా. "చివరన అంటున్నావు... మీ అక్క కంటే ముందు అక్కడ ఇంకో అమ్మాయి ఉండేది. రోజూ వ్యాను ఆగలేదనేది. సాకులనుకుని మాన్పించేశాం."

ఆ ఖాళీలోకే అక్కని తీసుకున్నారు.

"ఆమె నంబరుందా మేడమ్?"

"ఎక్కడో ఉండాలి. వెతకాలి."

"వెతకండి. నేను ఫోన్ పెట్టెయ్యను."