నాలుగు దేశాల మెషీన్

ఎదురింటావిడ తన చెల్లెలితో అందట, ఆ చెల్లెలు కూరగాయల కొట్టు దగ్గర ఆ ఆసుపత్రి మెకానిక్కు భార్య చెవిన వేసింది: "ఆసుపత్రిలో కరెంటు పెట్టే మెషీన్ పాడవలేదంటమ్మా. పెద్ద దేశం వాళ్ళు కన్నెర్ర చేస్తే మనవాళ్ళే తాళం వేశారంట. మీ ఆయనకు తెలీకుండా ఉంటుందా?"

తాళం మాట అబద్ధం. మెషీన్ నిజంగానే మొరాయించింది.

క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే ఆ మెషీన్‌ను నాలుగు మధ్యరకం దేశాలు కలిసి చేసుకున్నాయి. రెండు పెద్ద దేశాలు కొమ్ములు విసురుకుంటూ, అవతలివాడితో మాట్లాడితే నీకు సామాను లేదు పొమ్మంటుంటే, విసిగిపోయి తలా ఒక భాగం నెత్తికెత్తుకున్నాయి. చల్లబరిచే పంపు ఈ దేశం వాళ్ళది. కిరణాలు పుట్టించే గొట్టం సముద్రం అవతలి వాళ్ళది. ఎవరికి ఏది పోయినా, చేసినవాళ్ళు వెంటనే పంపాలి. ప్రతి మంగళవారం నలుగురు మెకానిక్కులూ ఫోన్లో కలిసి, ఎవరి అల్మరాలో ఏముందో చెప్పుకోవాలి.

ఇప్పుడు పోయింది గొట్టం. మెషీన్ కింద పడుకోవలసిన వాళ్ళలో మెకానిక్కు వదిన ఒకతె. తల్లి పోయాక అతనికి అన్నం కలిపి పెట్టిన మనిషి. ముప్పై సిట్టింగుల్లో పధ్నాలుగు అయ్యాయి. వారం దాటి ఆగితే చేసిందంతా బూడిదలో పోసినట్టేనని డాక్టరమ్మ చెప్పింది. ఇవాళ్టికి నాలుగో రోజు.

"ఏరా, నాకంటే ముందు నీ మెషీనే మంచాన పడిందేం?" అంది వదిన పొద్దున.

"రెండ్రోజుల్లో లేపేస్తాను వదినా."

"చెవి గోక్కుంటున్నావు. అంటే అబద్ధమే."

అతని గుండెల్లో పీకుతున్నది వేరే ఉంది. కిందటి నెల సముద్రం అవతలి దేశపు మెకానిక్కు పంపు అడిగింది. ఫోన్లో తప్ప ఎప్పుడూ చూడకపోయినా అతను ఆమెను అక్కా అనే పిలుస్తాడు. ఆ రోజు అల్మరాలో పంపు ఉంది. కాకపోతే అదే వారం పెద్ద దేశపు అధికారులు ఊళ్ళో దిగారు. ఆసుపత్రి డైరెక్టరు తలుపు మూసి, "ఈ నాలుగు దేశాల పొత్తు వాళ్ళ కంట పడకూడదు. వాళ్ళు వెళ్ళేదాకా ఏదీ గడప దాటకూడదు. లేదని చెప్పెయ్" అన్నాడు. అతను లేదనే చెప్పాడు. గొంతు తడబడనందుకు అప్పుడు సంబరపడ్డాడు కూడా.

ఇవాళ్టి మంగళవారం ఫోను స్పీకరులో పెట్టారు. డైరెక్టరు, డాక్టరమ్మ చెరో పక్కన కూర్చున్నారు.

"అక్కా, మా గొట్టం పోయింది. మీ దగ్గర రెండున్నాయన్నారు కదా?"

"ఉన్నాయి తమ్ముడూ."

డాక్టరమ్మ ఊపిరి వదిలింది.

"మరి మా పంపు?" అంది ఫోన్లో అక్క.

డైరెక్టరు ముందుకు వంగాడు. "నిన్ననే కొత్తది తయారైందమ్మా. ఇవాళే పంపిస్తాం."

"మీ పంపుల మీద తయారైన తేదీ కొట్టి ఉంటుంది కదండీ. కాస్త చదివి చెప్పండి."

డైరెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మెకానిక్కు ఫోను దగ్గరికి జరిగాడు. "అది అప్పుడూ ఉందక్కా. లేదని అబద్ధం చెప్పాను. మీకు కోపం ఉంటుంది, కాదనను. కానీ ఇక్కడ మా వదిన పడుంది. నన్ను పెంచిన మనిషి. మూడు రోజులే గడువు."

"మా మెషీన్ మూడు వారాలుగా ఆగి ఉంది తమ్ముడూ. వరసలో పదకొండు మంది కూర్చున్నారు. వాళ్ళలో ఎవరి పేరు చెప్పి అడిగితే మీ అల్మరా తెరుచుకునేది?"