తెరుచుకోని వీసా

దశరథం ఎక్కాల్సిన దుబాయి విమానం సాయంత్రానికే. వీసా, టికెట్టు రెండూ ఒకే ఫైల్లో మెయిల్ చేశానని, ప్రింటు తీసి ఎయిర్‌పోర్టులో చూపిస్తే చాలని ఏజెంటు చెప్పాడు. శంషాబాద్ బస్టాండు ఎదుట మాధవీలత నడిపే నెట్ సెంటర్లో ఆ ఫైలు దిగుతోంది గానీ తెరుచుకోవడం లేదు. పాడైందని ఇంగ్లీషులో ఓ ముక్క చూపించి ఊరుకుంటోంది.

బయట టాటా సుమోల్లోంచి దశరథం ఊరు మంఖాల్ సగం దిగింది. గల్ఫ్‌కు పోయేవాణ్ణి ఒక్కణ్ణే పంపడం మనవాళ్లకు చేతనవుతుందా! భార్య స్వరాజ్యం, తల్లి, పాలివాళ్లు, పిల్లాజెల్లా అంతా పూలదండలతో ఎదురుచూస్తున్నారు.

“మీ కంప్యూటర్లే ఖరాబున్నయి,” అని విసుక్కున్నాడు దశరథం.

మాధవీలత కుర్చీ ముందుకు లాక్కుంది. బ్రౌజర్ మార్చి చూసింది. అందులో పేరుకున్న పాత ఫైళ్లన్నీ తుడిచేసి మళ్లీ దింపింది. పక్క కంప్యూటర్లో కూడా దింపింది. ఎక్కడా తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే ఏజెంటు తేనెలాంటి గొంతుతో, “నెట్ స్లో ఉంటే గట్లనే ఖరాబైతది తమ్మీ, మల్లొక్కసారి దింపమను,” అన్నాడు.

దశరథం నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? ఉన్న ఒక్క మెట్ట చెలకా అమ్మి ఆ మనిషి చేతిలోనే పోశాడు. నమ్మకం వదిలేస్తే చెలక కూడా ఆ క్షణమే పోయినట్టు.

మాధవీలత తెర మీద వేలు పెట్టింది. “గిది చూడన్నా. దిగేటప్పుడు ఖరాబైతే సైజన్నా తక్కువ రావాలె. ఎన్నిసార్లు దింపినా మెయిల్ల ఉన్నంతే వస్తుంది. ఫైలు మంచిగనే దిగుతుంది.”

“మరి ఎందుకు తెరుచుకోదక్కా?”

“లోపల ఏమున్నదో చూద్దాం.”

ఆమె దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. తెరనిండా పిచ్చి గీతలు. వాటి మధ్య మొదట్లోనే, సినిమా పాటలు ఉచితంగా పంచే ఓ వెబ్‌సైటు పేరు. దశరథానికి ఇంగ్లీషు రాదు గనుక ఆమె ముఖం చూశాడు.

ఆమె ఫైలు పేరు చివర పాటల ఫైళ్లకుండే అక్షరాలు పెట్టి నొక్కింది. స్పీకర్లు దద్దరిల్లేలా, పెళ్లి బరాత్‌లో కొట్టే పాటొకటి అందుకుంది.

“ఇది వీసా కాదన్నా. పాటకు వీసా అని పేరు పెట్టి పంపిండు.”

దశరథం మళ్లీ ఏజెంటుకు ఫోన్ కలిపాడు. స్విచ్ఛాఫ్. ఇతను కంప్యూటర్లతో కుస్తీ పడుతున్నంతసేపూ ఆ దొంగ సచ్చినోడు ఊరు దాటే పనిలో ఉన్నాడన్నమాట. మోసం చేస్తే చేశాడు, మళ్లీ మళ్లీ దింపుకోమని ఆశ కూడా పెట్టాలా!

తలుపు తోసుకుని స్వరాజ్యం వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. “వచ్చిందా? పాట పెట్టిండ్రంటే వచ్చినట్టేనని అత్తమ్మ ఎగురుతుంది, జర బయటికొచ్చి చూడు!” అని జవాబు కోసం ఆగకుండా పరిగెత్తింది.

అద్దంలోంచి కనబడుతోంది. ముసలమ్మ కొంగు నడుముకు దోపి, చేతులు పైకెత్తి ఆడుతోంది. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతున్నారు.

మాధవీలత పాట ఆపబోయింది. దశరథం ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఉండనీయక్కా. అయిపోయినంక చెప్త.”