కుంపటి దగ్గర డోలక్

మంచు ఇంకా విడవలేదు. చింతపల్లి దాటాక కొండమీది చర్చి వెనక, రేకుల వసారాలో, యేసుపాదం కుంపటి ముందు గొంతుక్కూర్చుని డోలక్‌ను అటూ ఇటూ తిప్పుతున్నాడు. చలికి తోలు మెత్తబడితే దెబ్బ పలకదు. ముప్పై ఏళ్ళుగా డోలక్ మోసి అతని ఎడమ భుజం కాస్త కిందికి దిగిపోయింది. వారమంతా కాఫీ పళ్ళు కోసి వేళ్ళు నల్లబడ్డాయి. తోటలో మేస్త్రికి అతని పేరు సరిగ్గా గుర్తుండదు. ఆదివారం మాత్రం అతను డోలక్ యేసుపాదం.

ఆ సంఘంలో ప్రతి ఇంటా అన్నం వండేముందు పిడికెడు బియ్యం దేవుడికని తీసి పెడతారు. ఆదివారం అవన్నీ చర్చి బుట్టలో పడతాయి. అందులోంచి ఒక సంచెడు డోలక్ వాయించినవాడికి. భార్య దేముడమ్మ వాటిని మామూలు బియ్యంతో కలపదు. ఆ అన్నం తినేటప్పుడు యేసుపాదం కాస్త నిటారుగా కూర్చుంటాడు.

పోయిన వారం విశాఖ నుంచి కీబోర్డు వచ్చింది. వాయించేది పాస్టరు గారమ్మాయి డాలీ. అతన్ని వాయించమని గానీ మానమని గానీ ఎవరూ చెప్పలేదు.

"డాలీ తల్లీ, అందులో డోలక్ కూడా ఉన్నాదంట కదా?"

"ఉంది మావయ్యా. దాంతోపాటు మీరూ వాయించండి."

"మరైతే అది నన్ను సూసి వాయిత్తాదా, నాను దాన్ని సూసి వాయించాలా?"

డాలీ పకపకా నవ్వింది. యేసుపాదం హాస్యమాడలేదు. అతనికి నిజంగానే తెలియదు.

మొదటి పాట ఎత్తుకున్నారు. ముందు చాపమీద తెరిసమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, పైగా ఆయాసం. చరణం చివర ఆమెకు ఊపిరి అందదు. అక్కడ యేసుపాదం రెండు దెబ్బలు ఆపుతాడు, ఆమె ఊపిరి తీసుకుంటుంది, చర్చంతా ఆగి మళ్ళీ అందుకుంటుంది. ఆ పాట నడకే అంతనుకుంటారు అందరూ. ఇవాళ అతను ఆపాడు, కీబోర్డు ఆగలేదు. సగం మంది అతనితో ఆగిపోయారు, సగం మంది ముందుకు పోయారు. పాట రసాభాస అయింది. అతను తొందరపడి అందుకోబోయి ఇంకా తడబడ్డాడు.

పాస్టరు నతానియేలు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి, యేసుపాదం గారూ."

ఇన్నేళ్ళలో ఎప్పుడూ గారు అనలేదు. అది మర్యాదో, పొమ్మనడమో అతనికి అంతు పట్టలేదు.

ప్రసంగం మొదలవగానే అలవాటు ప్రకారం డోలక్‌ను వసారాలోకి తెచ్చి, చివరి పాట కోసం మళ్ళీ వేడి చేశాడు. వేడెక్కి తోలు బిగిసింది. లోపల చివరి పాట మొదలైంది. పిలుస్తారేమోనని చూశాడు. ఎవరూ పిలవలేదు. పాట ఎక్కడా ఆగకుండా నడిచింది. కిటికీలోంచి చూస్తే తెరిసమ్మ మధ్యలోనే నోరు మూసుకుని, వెనక్కి తిరిగి ఎవరికోసమో వెతుకుతోంది.

ఆరాధన అయ్యాక పాస్టరు ఎప్పటిలాగే అతని సంచి నింపాడు.

"ఇయ్యాల నాను సరిగ్గా వాయించనేదు కదండీ. మరిదేటి?"

"వాయించినా వాయించకపోయినా ప్రతి వారం మీకిస్తాం. సంఘంలో అనుకున్నాం."

ఎప్పుడనుకున్నారో! యేసుపాదం సంచిని చేతుల్లో తూచి చూశాడు. ఇది వాయించినందుకా, వాయించవద్దనా? ఇంటికెళ్ళి ఏ కుండలో పొయ్యమనాలి? ఏడుపొచ్చింది గానీ, దేనికి ఏడవాలో తెలియలేదు. అందరూ బయట టీ తాగుతుంటే, బియ్యం తిరిగి బుట్టలో పోశాడు. సంచి కుట్లలో ఇరుక్కున్న గింజల్ని కూడా గోటితో తీసి వేశాడు. వసారాలోకి వెళ్ళి సంచి మడత పెట్టాడు. ఆ తరవాత వట్టి చేతులతో, తోటల వెంట కిందికి దిగిపోయాడు. ఎవరూ గమనించలేదు.

అందరికన్నా ఆఖరున తెరిసమ్మ చేతులు కాచుకుందామని వసారాలోకి వచ్చింది.

"యేసుపాదం! ఏడకి పోనావురా?"

కుంపటి పక్కన డోలక్ ఉంది, దానిమీద మడత పెట్టిన సంచి ఉంది. తెరిసమ్మ వంగి డోలక్‌కు అరచెయ్యి ఆనించింది. తోలు ఇంకా వెచ్చగానే ఉంది.