మడమ లేని నీడ

ఆ ఊళ్లో పొద్దున లేచి పళ్లు తోముకోగానే ఎవరైనా చేసే మొదటి పని నీడ చూసుకోవడం. వాకిట్లో ఎండకు వీపు పెట్టి నాలుగడుగులు వేస్తారు. నీడ తిన్నగా నడిస్తే గంజి తాగి పనికి పోతారు. మనిషి తిన్నగా నడుస్తున్నా నీడ కాలీడ్చిందంటే ఆ కాలికి కాటు రాబోతోందన్నమాట. తేలో జెర్రో పామో నీడ చెప్పదు. అంతమాత్రం చెప్పేవాళ్లు మాత్రం లోకంలో ఎవరున్నారు?

కుంటు కనబడితే ఏడుపులూ పెడబొబ్బలూ ఉండవు. సద్ది మూట కట్టుకుని, ఒకరిని తోడు తీసుకుని, తర్రెం ఊరు దాటి బ్లాకు ఆసుపత్రికి పోయి వరండాలో బల్ల మీద కూర్చుంటారు. కాటు మనిషి వెంటే వస్తుంది. ఊళ్లో ఉంటే ఊళ్లోకి, వరండాలో ఉంటే వరండాలోకి. ఆసుపత్రిలో అయితే సూదిమందు పక్క గదిలోనే ఉంటుంది. అక్కడివాళ్లకూ ఇది అలవాటే. "కుంటా? ఏ కాలు?" అని అడిగి బల్ల చూపిస్తారు.

చిక్కల్లా ఎన్నాళ్లు కూర్చోవాలో తెలియకపోవడమే. ఒకరికి పూటలో తేలిపోతుంది, ఇంకొకరికి వారం దాటుతుంది. నాట్ల రోజుల్లో రైతును వారం పాటు బల్ల మీద కూర్చోమంటే పాము కరవక ముందే ప్రాణం పోతుంది.

అందుకే భద్రమ్మ కొడుకు దుర్గేశ్ పంపు తెచ్చినప్పుడు ఊరు ఊరంతా మురిసింది. దారి బాగుపడ్డాక జగర్గుండా సంతకు రాని సరుకంటూ లేదు. అక్కడ టార్పాలిన్ మీద టార్చిలైట్ల పక్కన పెట్టి అమ్ముతుంటే కొన్నాడు. పసుపుపచ్చ ప్లాస్టిక్ గొట్టం, ఒక కొసన చిన్న గిన్నె, ఇంకో కొసన లాగే పిడి. కాటు మీద గిన్నె అదిమి పిడి లాగితే విషం బయటికొస్తుందని అమ్మినవాడు చెప్పాడు. దుర్గేశ్ తెలివైనవాడు, వచ్చిన తంటా అదే. కాటు పడేదాకా ఆగడమెందుకు, ముందే నీడకు పెడితే సరిపోదా అనుకున్నాడు.

మొదట కుంటింది వాళ్ల చిన్నాయన అప్పయ్య నీడ. దుర్గేశ్ నేల మీద నీడ మడమకు గిన్నె అదిమి పిడి లాగాడు. గిన్నెలోకి నల్లటి ముద్ద వచ్చింది. దాన్ని పెంటకుప్ప మీద కడిగేశారు. అప్పయ్య లేచి నడిస్తే నీడ తిన్నగా నడిచింది. తర్వాత గట్టు మీద పామైతే కరిచింది, గాట్లూ పడ్డాయి గానీ విషం ఎక్కలేదు. సాయంత్రానికి అప్పయ్య కల్లు తాగుతూ పంపు మహిమ చెప్పుకొచ్చాడు.

"అది ఉత్తకాటు రా. పాము కరిచినప్పుడల్లా విషం దించదు" అంది భద్రమ్మ.

"నీకు కొత్తది ఏది వచ్చినా నచ్చదమ్మా" అని దుర్గేశ్ నవ్వాడు.

నచ్చకపోవడానికి ఆమెకు కారణముంది. ముసురు పట్టిన రోజుల్లో నీడ చూసుకోకుండా మడికి పోయి మొగుడు తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఎండ లేకపోతే దీపం వెలిగించి గోడ మీదైనా సరే, ఇంటిల్లిపాదినీ నడిపించి చూశాకే గడప దాటనిచ్చేది.

అలా చూస్తుండగానే ఒక పొద్దున గోడ మీద కోడలు నాగలక్ష్మి నీడ ఎడమ కాలీడ్చింది. భద్రమ్మ సద్ది కట్టడం మొదలుపెట్టింది.

"ఏందమ్మా తొందర? రెండు మళ్లు మిగిలినయి. నాగలక్ష్మి లేకుంటే నాట్లు ఎవరేస్తరు?" అంటూ దుర్గేశ్ చూరులోంచి పంపు తీశాడు.

"దానికి పెట్టకు రా, నీకు దండం పెడత."

"ఒక్క నిమిషం పని అత్తా" అంది నాగలక్ష్మి. ఆమెకూ మళ్ల మీదే మనసు. ఆ ఊళ్లో నాటు వేయడంలో ఆమె చెయ్యే ముందుండేది, ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

పిడి లాగాడు. నల్లటి ముద్ద వచ్చింది. కుంటు పోయింది. మొగుడూ పెళ్లాలు నవ్వుకుంటూ మడికి పోయారు.

మర్నాడు కాస్త ఎండ కాసింది. నాగలక్ష్మి దండెం మీద బట్టలు ఆరేస్తుంటే భద్రమ్మ ఆమె కాళ్ల వంక చూసింది. దగ్గరికి పోయి వంగి మళ్లీ చూసింది. కుడికాలి నీడ కాలినంటుకునే ఉంది. ఎడమకాలి నీడ మాత్రం బెత్తెడు దూరంలో మొదలవుతోంది. కాలికీ నీడకీ నడుమ తెల్లగా ఎండ పడుతోంది. ఆ నీడకు మడమే లేదు.

సాయంత్రం కొడుకును పెరట్లోకి పిలిచింది. "కుంటడానికి మడమ ఉండాలె గదరా. నువ్వు లాగింది కాటును కాదు, కబురును."

"కుంటు పోయిందా లేదా? అది చెప్పు."

"పోయింది."

"మరింకేంది?"

వాడితో వాదించి గెలిచిన చరిత్ర ఆమెకు లేదు. వాళ్ల నాన్నతోనూ లేదు. ఆ రాత్రి కోడలి పక్క తన పక్కన వేయించుకుని పడుకుంది. తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. దీపం ముందు నాలుగడుగులు వేసింది. గోడ మీద నీడ గట్టిగా కుంటింది. కుంటక ఏం చేస్తుంది, చీర కుచ్చెళ్ల కింద కాలు ఈడ్చింది ఆమే కదా.

"నాకొచ్చిందిరా. నాగలక్ష్మిని తోడు తీసుకుపోత."

దుర్గేశ్ ముఖం పాలిపోయింది. అయినా చెయ్యి పంపు మీదికే పోయింది. "లాగుతానమ్మా, పోతది."

"నా నీడ జోలికి రాకు. ముసలి నీడ, లాగితే అంచుల దాకా చిరిగిపోతది."

తల్లి విషయంలో వాడికంత ధైర్యం చాలలేదు. ఇద్దరినీ బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకొచ్చాడు. పంపు మాత్రం జేబులో వేసుకున్నాడు.

నర్సు రాజ్యశ్రీ గనుల ఊరు బచేలిలో పెరిగిన ఆంధ్రా అమ్మాయి. భద్రమ్మను వరండా ఎండలో నడవమంది. నీడను చూసింది, చీర అంచు కొంచెం ఎత్తి కాలునూ చూసింది.

"పెద్దమ్మా, నీ నీడకేమీ కాలేదు. కాలు నువ్వే ఈడుస్తున్నావు."

భద్రమ్మ పెదవి మీద వేలుంచి, కళ్లతోనే కోడలి పాదాలు చూపించింది. రాజ్యశ్రీ చూసింది. మందుల గదిలోకి పోయి సీసాలు బయటికి తీసి పెట్టుకుంది.

తర్వాత ఎదురుచూపు. మబ్బు మళ్లీ కమ్ముకుంది. అదే బల్ల మీద పక్క ఊరి నుంచి వచ్చిన మాసే అనే ఆమె కూర్చుని ఉంది, గోండీలో తనలో తనే ఏదో గొణుక్కుంటోంది. దుర్గేశ్ తల్లిని వదిలి ఇంటికి పోలేక వరండా మూలన కూర్చున్నాడు. నాగలక్ష్మి మడి గురించే మాట్లాడుతోంది. నారు ముదిరిపోతుందట. భద్రమ్మ ఊ కొడుతూ బల్ల కిందా, తలుపు మూలా, నీళ్ల డ్రమ్ము వెనకా చూస్తూనే ఉంది. రాకూడదని ప్రాణం కొట్టుకుంటోంది. రావాల్సింది ఇక్కడే వచ్చిపోతే బాగుండునని అదే ప్రాణం మొక్కుకుంటోంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని నాగలక్ష్మి చెయ్యి కడుక్కోవడానికి లేచింది. వరండా చివర పాత ఇనప మంచాలు పేర్చి ఉన్నాయి. వాటి కింది నుంచి కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస్సుమంది. "అమ్మో" అని ఆమె కాలు వెనక్కి తీసుకునేసరికే అయిపోయింది. రక్తపింజర తన పని ముగించుకుని తీరిగ్గా గోడవారగా పోయింది. దాన్నెవరూ కొట్టలేదు.

మందుల గది పదడుగుల దూరంలో ఉంది. అయినా దుర్గేశ్ అటు ఉరకలేదు. మోకాళ్ల మీద కూలబడి, పెళ్లాం చీలమండకు గిన్నె అదిమి పిడి లాగాడు. ఎర్రటి నీళ్లు వచ్చాయి.

"వస్తోంది! విషం వస్తోందమ్మా!" అని అరిచాడు. ఏడుస్తూనే నవ్వుతున్నాడు. మళ్లీ లాగాడు. నెత్తురు గిన్నె దాటి నేల మీద కారింది, ఆగలేదు.

"అది తీసెయ్ ముందు!" రాజ్యశ్రీ వాడి చెయ్యి లాగేసింది. "అది పీల్చేది నెత్తురయ్యా. విషం ఎప్పుడో లోపలికి పోయింది. నువ్వు లాగేకొద్దీ గాయం పెద్దదవుతుంది, అంతే. ఎత్తు ఆ అమ్మాయిని. కాలు కదలనివ్వకు."

గాజు గొట్టంలోకి తీసిన నెత్తురు ఎంతసేపటికీ గడ్డకట్టలేదు, విషం ఎక్కిందన్నమాట. సెలైన్‌లో మందు కలిపి ఎక్కించారు. కాలు తొడ దాకా వాచింది. చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది. భద్రమ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడింది. కోడలు పోతే తాను ఈ గడప దాటి బయటికి రానని అనుకుంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. మరో విడత మందు ఎక్కాక, గొట్టంలో నెత్తురు నెమ్మదిగా పెరుగులా తోడుకుంది. అప్పుడు ఏడ్చింది.

ఇంటికి పంపించే రోజు వాన వెలిసి ఎండ కాసింది. ఆటో వచ్చి గేటు బయట ఆగింది. నాగలక్ష్మి గోడ పట్టుకుని వాకిట్లోకి దిగింది. ఇప్పుడు కుంటుతోంది ఆమె కాలు. నీడ మాత్రం బెత్తెడు దూరంలో తిన్నగా నడుస్తోంది.

"అత్తా, మళ్లీ వస్తే నాకెట్లా తెలుస్తది?"

"తెలవదు బిడ్డా. లోకంలో మిగతావాళ్లకు తెలుస్తదా? కాటు పడ్డంక దేన్నీ నమ్మకుండా ఇక్కడికి ఉరకాలె. గంతే."

దుర్గేశ్ ఇన్నాళ్లూ ఎండ పొడ పడితే చాలు వరండాలోకి జరిగిపోయేవాడు. సిగ్గుతో అనుకుంది భద్రమ్మ. ఇప్పుడు సంచీ అందుకోవడానికి తప్పనిసరై ఎండలోకి వచ్చాడు. ఆమె చూపు అలవాటుగా కొడుకు పాదాల మీదికి పోయింది. వాడి కుడి మడమకూ నీడకూ నడుమ తెల్లగా ఎండ పడుతోంది.

"ఎప్పుడురా?"

వాడు తల దించుకున్నాడు. "నాగలక్ష్మికి రావడానికి ముందు రోజే. నువ్వు లేవకముందే చూసుకున్న, నాట్లు ఆగిపోతాయని చెప్పలే. ముందు నా మీదనే లాగి చూసుకున్న. నాకేమీ కాలేదు కదా అనే దానికి పెట్టిన."

"ఇంకా కాలేదు" అంది భద్రమ్మ.

కొడుకు చేతిలోంచి సంచీ తీసుకుంది. రెక్క పట్టుకుని వరండాలోకి నడిపించి బల్ల మీద కూర్చోబెట్టింది. వాడు చిన్నపిల్లాడిలా కాళ్లు పైకి ముడుచుకున్నాడు. నాగలక్ష్మి కుంటుకుంటూ గేటు దాకా పోయి ఆటోవాణ్ని వెళ్లిపొమ్మంది.

రాజ్యశ్రీ ఏ కాలని కూడా అడగలేదు. మందుల గదిలోకి పోయి పెట్టె తెరిచింది. అడుగున రెండే సీసాలున్నాయి, ఒక్క మనిషికి కూడా చాలవు. ఫోన్ తీసి జిల్లా ఆసుపత్రికి చేసింది. అటువైపు ఎవరూ ఎత్తకపోతే మళ్లీ చేసింది.